టాపు లేని కారుకి సూర్యకళ కట్టిన ధర

కడియపులంక పూల మార్కెట్లో సూర్యకళ బేరమాడగా చూసినవాళ్ళు లేరు. ఆమె ఒక ధర చెబుతుంది. అమ్మేవాడు సరేనంటే తూకం వేయించుకుంటుంది, కాదంటే పక్క బస్తా దగ్గరికి నడుస్తుంది. "ఇంకో రెండు రూపాయలు వేసుకోండి సూర్యకళగారూ" అని వెనకనుంచి అరిచినా తిరిగి చూడదు. యాభై మూడేళ్ళ మనిషి, సన్నగా నిటారుగా ఉంటుంది. ఆ నడక చూసి కొత్తవాళ్ళు పొగరనుకుంటారు. పాతవాళ్ళకి తెలుసు, ఆమె నోట వచ్చింది ఆ బస్తాకి తగిన ధరేనని.

ఆ ధర ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా మార్కెట్లో అందరూ ఎరిగిందే. బంతిపూల బస్తా మూతి విప్పితే కొనేవాళ్ళు పైనున్న పూలు చూస్తారు. సూర్యకళ మోచేతి దాకా చెయ్యి దూర్చి నడిమధ్యన ఉన్న పూలు పట్టుకుంటుంది. లోపల చల్లగా ఉంటే ఇవాళ కోసినవి. గోరువెచ్చగా ఉంటే నిన్నటివి. వేడి తగిలితే ఆ బస్తాకి ధరే లేదు, ఎరువు గోతిలోకి పోవలసిందే. నిన్నటి పూలు అసలు కొనదని కాదు. రెండు గంటల్లో ముగిసిపోయే ఊరేగింపుకి నిన్నటి పూలు చాలు. అయితే నిన్నటి పువ్వుకి నిన్నటి ధరే ఇస్తుంది. పెళ్ళివారికీ అవి నిన్నటివని చెప్పి అంతే తీసుకుంటుంది.

ఈ విద్య ఆమెకి పుట్టుకతో రాలేదు. పందొమ్మిదేళ్ళప్పుడు, అత్తగారి దగ్గర దండలు కట్టడం నేర్చిన కొత్తలో, మొదటిసారి సొంతంగా ఒక పెళ్ళికారు అలంకరించింది. పైపూలు చూసి, చవగ్గా వచ్చాయని సంబరపడి కొన్న చేమంతులు. ఊరేగింపు రెండు వీధులు తిరిగేసరికి రేకులు నల్లబడి పెళ్ళికూతురి ఒడిలోకి రాలడం మొదలుపెట్టాయి. పెళ్ళికూతురి తండ్రి బడిపంతులు. ఒక్క మాట అనలేదు. ఒప్పుకున్న డబ్బు చేతిలో పెట్టి "వెళ్ళిరామ్మా" అన్నాడు. తిట్టి ఉంటే తెల్లారేసరికి మరిచిపోయేది. తిట్టలేదు కాబట్టి ముప్పై నాలుగేళ్ళుగా ఆ ముఖం ఆమె కళ్ళముందు నుంచి పోలేదు.

అటువంటి మనిషికి పోయిన ఏడాది నుంచి కారు పిచ్చి పట్టుకుంది.

పిచ్చి అన్నది ఆమె భర్త అప్పాజీ మాట. నర్సరీలో అంటు మొక్కలు కట్టే పని ఆయనది. కత్తి ఒక చేత, ప్లాస్టిక్ టేపు ఒక చేత పట్టుకుని రోజుకి మూడు వందల మామిడి అంట్లు కట్టగలడు. తొందర అన్నది ఎరగని మనిషి. ఆయనకి పిచ్చిలా కనిపించినా, సూర్యకళకి అది బతుకుతెరువు. ఈమధ్య పెళ్ళిళ్ళలో కొత్త జంటలు మామూలు కార్లో కూర్చోవడం లేదు. టాపు తీసేసిన కారు కావాలి. వెనక సీటు పైన, ఎత్తు మీద, ఇద్దరూ కూర్చుంటే ఊరంతా చూడాలి, ఫోటోలో ఆకాశం పడాలి. మండపేటలో ఒకాయన పాత జీపుకి పైకప్పు కోయించి, పూలతో సహా తనే ఇస్తున్నాడు. రెండు సీజన్లలో సూర్యకళ చేతిలోంచి పదిహేను పెళ్ళిళ్ళు ఆ జీపెక్కి పోయాయి. ఆమె దగ్గర దండలు కట్టే ఆడవాళ్ళు ఐదుగురున్నారు. వాళ్ళకి వారంలో నాలుగు రోజులే పని దొరుకుతోంది.

ముప్పై నాలుగేళ్ళ పూల పనిలో ఆమె వెనకేసుకున్నది ఆరు లక్షలు. ఆ ఆరూ పోతే మళ్ళీ ఆరు కూడబెట్టే వయసు కాదు. అప్పు చేయడం ఆమెకి తెలియని పని. కాబట్టి కారు కొనాలంటే కారూ, దాని బాగుచేతా, కాగితాలూ అన్నీ ఆ ఆరులోనే ఇమడాలి. అందులో కూర్చునేది ఎవరి బిడ్డో. తేడా వస్తే పోయేది డబ్బొక్కటే కాదు.

అటువంటి కారు ఒకటి పెనుగొండ దగ్గర ఒక పల్లెలో ఉందని తెలిసింది. యుగంధర్ అని రొయ్యల చెరువులు చేసే కుర్రాడు, బాగా కలిసొచ్చిన ఏడాది బెంగుళూరులో కొని తెచ్చుకున్నాడట. విదేశీ కారు, రెండు తలుపులు, మీట నొక్కితే టాపు దానంతటదే మడిచిపెట్టుకుంటుంది. ఏడు లక్షలకి ఇచ్చేస్తానంటున్నాడు. ఒకసారి యాక్సిడెంటు అయిందని మాత్రం విన్నారు.

"దెబ్బతిన్న బండా?" అన్నాడు అప్పాజీ, అన్నం ముందు కూర్చుని. "రక్తం చూసిన బండిలో పెళ్ళికూతుర్ని కూర్చోబెడతావా?"

"చూసిందో లేదో మీకు తెలుసేంటండి?"

"తెలీదు. నీకూ తెలీదు. సైకిలు తొక్కడం రాని దానివి, కారు బేరానికి పోతావా?"

"పువ్వు పూయడం నాకు రాదండి. పూల బేరం చేయట్లేదా?"

అప్పాజీ ఇంకాస్త పప్పు వడ్డించుకుని కలుపుకున్నాడు. 

మాఘమాసంలో పెనుగొండలో ఒక పెళ్ళికి మండపం అలంకరణ కుదిరింది. సూర్యకళ తన ఐదుగురు ఆడవాళ్ళతో పూల వ్యాన్లో బయలుదేరుతూ, రాజమండ్రి ఆటోనగర్ నుంచి ఎజ్రాని కూడా రమ్మంది. ఎజ్రా డెంటింగ్ మేస్త్రి. సొట్టలు తీసి, రేకు అతికి, బండికి మళ్ళీ ముఖం తెచ్చే పని. అరవై దాటాయి. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తప్ప గోళ్ళలో నలుపు పోదు. ఆమె పూల వ్యాన్ రెండుసార్లు బాగుచేసింది ఆయనే, రెండుసార్లూ చెప్పిన రోజుకి ఇచ్చింది కూడా ఆయనే. అందుకే పిలిచింది.

మండపం పని మధ్యాహ్నానికి అయిపోయింది. వ్యాన్ యుగంధర్ ఇంటి ముందు ఆగింది. ముప్పై ఏళ్ళ కుర్రాడు, తెల్ల చొక్కా, నవ్వితే పైవరసలో ఒక పన్ను మిగతావాటికంటే తెల్లగా మెరుస్తుంది. షెడ్డులో టాపు మడిచి ఉన్న కారు మీది టార్పాలిన్ లాగేసరికి ఆడవాళ్ళు ఐదుగురూ ఒక్కసారే "అబ్బా" అన్నారు. దానిమ్మ గింజ రంగు. ఎండ పడ్డచోట కళ్ళు చెదిరేట్టుంది.

"చిన్న దెబ్బేనండి," అన్నాడు యుగంధర్ అడక్కుండానే. "ముందు బంపరు కొంచెం. మార్పించేశాను. మీరు వేరేచోట ఇలాంటిది తొమ్మిదికి తక్కువ చూడరు. నాకు వాడకం లేక ఏడన్నాను."

"చూద్దాం బాబుగారూ," అంది సూర్యకళ.

ఎజ్రా జేబులోంచి పాత స్పీకరు అయస్కాంతం తీశాడు. దాన్ని గుడ్డలో చుట్టి, బండి ఒళ్ళంతా ఆనిస్తూ నడిచాడు. ముందు భాగంలో అతుక్కుంది. వెనక అతుక్కుంది. ఎడమ తలుపు కింద, బండి పొడవునా పోయే ఇనప అంచు దగ్గర మాత్రం జారి చేతిలో పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

"పైన పటారం," అని మాత్రం అన్నాడు గొణుగుతున్నట్టు. సామెతలో మిగతా సగం సూర్యకళకి చెప్పనవసరం లేదు.

"అంటే?"

"ఇక్కడ రేకు లేదమ్మా, పుట్టీ ఉంది. బంపరుకి తగిలిన దెబ్బ ఇంత వెనక్కి రాదు. మామూలు కారుకి పైన టాపు ఉంటుంది కదా, కింద కొంచెం బలం తగ్గినా పైన పట్టుకుంటుంది. దీనికి గట్టి టాపు లేదు. బలమంతా అటూ ఇటూ ఈ అంచుల్లోనే. ఇది సరిగ్గా అతికారో లేదో కళ్ళకి తెలీదు."

"మరెలా తెలుస్తుంది?"

ఎజ్రా ఎడమ తలుపు తీసి, వేసి, మళ్ళీ తీశాడు. డుప్పుమని మెత్తగా పడుతోంది. తర్వాత వ్యాన్ నీడలో కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూశాడు. "బరువు పెట్టాలి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, తోడుపెళ్ళికూతురు, పిల్లలిద్దరు. ఎంత బరువు ఉంటుందో అంత."

సూర్యకళకి అర్థమైంది. బస్తాలో చెయ్యి పెట్టడమే ఇది. "హెలెన్," అని పిలిచింది, "అందర్నీ తీసుకురా. కారెక్కండి."

హెలెన్ ఐదుగురిలోకీ పెద్దది, అన్నిరకాలుగానూ. భర్త పోయి ఎనిమిదేళ్ళయింది. నోరు మాత్రం పదహారేళ్ళ పిల్లది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "నా పెళ్ళికి సైకిలు వెనకాల వచ్చానమ్మా. ఇప్పుడా నాకీ భోగం?"

"ఎక్కవే. పెళ్ళికొడుకేడని మాత్రం అడక్కు."

ఐదుగురూ ఎక్కారు. జంట కూర్చునే చోట, వెనక సీటు పైనున్న ఎత్తు మీద, ముగ్గురు. సీట్లో ఇద్దరు. హెలెన్ నడుమ కూర్చుని అటూ ఇటూ చెయ్యి ఊపుతూ "ఓట్లు వెయ్యండమ్మా" అంటుంటే మిగతావాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ఎజ్రా ఆ సందడి పట్టించుకోకుండా మూసిన తలుపు దగ్గరికి వచ్చి, పిడి పట్టుకుని లాగాడు. పిడి లేచింది. తలుపు రాలేదు. రెండు చేతులతో లాగాడు. కిర్రుమంది తప్ప కదల్లేదు.

నవ్వులు ఆగిపోయాయి.

"బండి నడుము వంగింది," అన్నాడు ఎజ్రా. "వంగి తలుపుని పట్టేసింది."

"యేసయ్యా, అటు తలుపు తీద్దామంటే గోడ అడ్డం, ఇప్పుడు నేను దిగేదెలా?" అంది హెలెన్.

"టాపు లేదుగా, పైనుంచి దిగు," అంది సూర్యకళ. అని యుగంధర్ వైపు తిరిగింది. గొంతులో కోపమేమీ లేదు. "బంపరన్నారు బాబుగారూ."

యుగంధర్ చెవులు ఎర్రబడ్డాయి. "పక్కకి కూడా కొంచెం తగిలిందండి. అతికినవాడు గ్యారంటీ ఇచ్చాడు."

"ఎజ్రాగారూ, దీన్ని నిలబెట్టడానికి ఎంతవుతుంది?"

"ఎడమవైపు కోసి పారేసి కొత్త స్టీలు పెట్టాలి. కుడివైపు కూడా లోపల పట్టీ వేస్తే నిశ్చింత. రంగుతో కలిపి లక్ష. నెల రోజులు. చేశాక ఇదే ఐదుగుర్ని ఎక్కించి తలుపు తీసి చూపిస్తాను. రాకపోతే నా కూలి వద్దు."

"ఇనుము సంగతి తేలింది." సూర్యకళ తలూపింది. "బాబుగారూ, ఇంకొక్కటే అడుగుతాను. దెబ్బ తగిలినప్పుడు లోపల ఎవరున్నారు? ఎవరికి ఏమైంది?"

"అదెందుకండి ఇప్పుడు? మీకు కావలసింది బండి."

"పెళ్ళివారు నన్ను అడుగుతారండి. ఈ బండి దెబ్బతిందటగా, ఎవరైనా పోయారా అని. నేను ఉన్నదున్నట్టు చెప్పాలి."

"చెప్పకండి. ఎవరు చెప్తున్నారు ఈరోజుల్లో?"

అతను చూపు తిప్పుకున్నాడు. చెయ్యి పెట్టిన చోట వెచ్చగా తగిలినట్టే అయింది సూర్యకళకి. షెడ్డు పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, మార్కెట్లో చెప్పినట్టే చెప్పింది.

"లోపం లేకపోతే మీ ఏడూ న్యాయమేనండి. బాగుచేత లక్ష తీస్తే ఆరు. ఇక రెండోది. దెబ్బతిన్న బండి అని నేనే చెప్తాను కాబట్టి, ఎవరికేమైందో తెలీదని కూడా చెప్పాల్సి వస్తుంది కాబట్టి, పదిళ్ళలో నాలుగిళ్ళు వద్దంటాయి. నాకు పనిచేసేది ఆరిళ్ళకే. ఆరులో పదో వంతు అరవై వేలు. నాలుగు వంతులు తీసేస్తే మూడు లక్షల అరవై వేలు. అదీ నా ధర."

"మూడు అరవయ్యా!" యుగంధర్ నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. "విప్పి స్పేరుపార్టులుగా అమ్ముకున్నా అంత వస్తుందండి!"

"అయితే అలాగే అమ్ముకోండి. పెళ్ళికూతుర్ని అందులో కూర్చోబెట్టేవాళ్ళు ఉండరు కాబట్టి అదీ మంచిదే." లేచింది. "పదండే, వ్యానెక్కండి."

ఆమె నడక మొదలుపెట్టిందంటే వెనక్కి తిరగదని ఆడవాళ్ళకి తెలుసు. హెలెన్ మాత్రం పైనుంచి దిగలేక ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టుకుని, "ఒక్క నిమిషం ఆగమ్మా, నేనింకా అమ్ముడుపోలేదు" అంది.

ఆ ఒక్క నిమిషంలోనే ఇంటి అరుగు మీదనుంచి ఇంకో గొంతు వినిపించింది. "మజ్జిగ తాగి వెళ్ళండమ్మా. ఎండలో వచ్చారు."

యుగంధర్ తల్లి శ్యామలాంబ. పెద్ద గ్లాసులతో పళ్ళెం పట్టుకుని మెట్లు దిగుతోంది. ఇంతసేపూ కిటికీలోంచి అన్నీ విన్నదని ముఖమే చెబుతోంది.

"మీరడిగిన దానికి వాడు చెప్పడు. నేను చెప్తాను," అంది.

"అమ్మా, ఎందుకే?"

"నువ్వూరుకో. ఎవరూ పోలేదమ్మా. బండిలో వీడొక్కడే ఉన్నాడు. పైవరసలో ఆ తెల్ల పన్ను చూశారా? పోయింది అదొక్కటే. అది పెట్టించినది."

ఆవిడ చెప్పుకొచ్చింది. అవి కోతల రోజులు. కాలవగట్టు రోడ్డు మీద సగం మేర రైతులు ధాన్యం ఆరబోశారు. సాయంత్రం వీడు టాపు తీసుకుని వస్తున్నాడు. ఎదురుగా ఆటో వచ్చింది. ధాన్యం మీదికి ఎక్కించేస్తే సరిపోయేది, రోజూ అందరూ ఎక్కించేదే. వీడు ఎక్కించలేదు. అటు తిప్పబోయి కల్వర్టు గోడకి పక్కగా కొట్టేశాడు.

"చిన్నప్పుడు కళ్ళంలో ధాన్యం తొక్కాడని ఒకసారి వీపు పగలగొట్టానమ్మా," అంది శ్యామలాంబ. "అన్నం మీద కాలు పెడతావురా అని. అది వాడికి ఒంట్లో పట్టుకుపోయింది. ఊళ్ళో తెలిస్తే నవ్వుతారు కదా, గింజలకి భయపడి గోడకి గుద్దాడని. అందుకని బంపరు, బంపరు అంటాడు. నాకు మాత్రం ఆ బండి కనబడితే నా చేతిదెబ్బే గుర్తొస్తుంది. తీసేయరా అన్నది నేనే."

యుగంధర్ కారు అద్దంలో ఏదో మరక తుడుస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఎజ్రా గ్లాసు ఎత్తి మజ్జిగ మొత్తం ఒక్క గుక్కలో తాగి, "అందుకే ముందు చెక్కుచెదరలేదు," అన్నాడు తనలో తను. "దెబ్బ పక్కగా తగిలిందన్నమాట. లెక్క కుదిరింది."

సూర్యకళ మళ్ళీ బల్ల మీద కూర్చుంది.  ఆమె ముందు రెండు దారులున్నాయి. ఊరుకుని వెళ్ళిపోతే, తల్లి మాట మీద కుర్రాడు రెండు మూడు రోజుల్లో ఫోను చేస్తాడు, మూడు అరవైకి పైన ఇరవయ్యో ముప్పయ్యో వేస్తే బండి ఆమెదవుతుంది. మిగిలిన లక్ష చేతిలో ఉంటుంది. లేదా ఇప్పుడే నోరు విప్పాలి. లోపల ఏముందో తెలీక వేసిన ధర అది. ఇప్పుడు తెలిసింది. పువ్వు చల్లగా ఉందని చేతికి తగిలాక కూడా వెచ్చని పువ్వు ధరే ఇస్తే, ఆ ముప్పై నాలుగేళ్ళ కిందటి పంతులుగారి ముందు తలెత్తుకోలేదు.

"పదిలో నాలుగిళ్ళు వద్దంటాయన్నాను," అంది. "ఈ మాట చెప్తే అంతమంది అనరు. ధాన్యం తొక్కకూడదని గోడకి గుద్దుకున్న బండంటే మనవైపు తప్పు పట్టేవాళ్ళు తక్కువ. అయినా ఇద్దరు ఉంటారు. కాబట్టి రెండు వంతులే తీస్తాను. నాలుగు లక్షల ఎనభై వేలు."

యుగంధర్ ఇటు తిరిగాడు. "మీ ధర మీరే పెంచుతున్నారా?"

"నేను పెంచలేదండీ. మీ అమ్మగారు పెంచారు."

"అయితే ఐదు చెయ్యండి."

"చెయ్యను."

"ఇరవై వేలేగా?"

"ఆ ఇరవైకి లెక్క లేదు బాబుగారూ. ఉంటే ఇచ్చేదాన్ని."

శ్యామలాంబ కొడుకు వైపు చూసింది. అతను నవ్వేశాడు. తెల్ల పన్ను మెరిసింది. "ఇచ్చేస్తానండి."

"ఒక్కటే మాట," అంది శ్యామలాంబ. "ధాన్యం సంగతి చెప్పుకోండి, పర్లేదు. మా వాడి పేరు మాత్రం చెప్పకండి."

"పేరు చెప్పనమ్మా. ఎవరో అమ్మ బాగా పెంచిన కుర్రాడు అని చెప్తాను."

ఇంటికి వచ్చాక అప్పాజీ అంతా విని తల పట్టుకున్నాడు. "అమ్మేవాడు పెంచితే చూశాను, దళారీ పెంచితే చూశాను. కొనేది పెంచడం ఇవాళే వింటున్నాను."

"ఆరులోనే అయిపోయింది కదండి. కాగితాలకి ఇరవై మిగిలాయి కూడా."

"లక్ష పోగొట్టుకొచ్చి ఇరవై మిగిలాయంటావేంటి!"

అన్నాడే కానీ, వారం తిరక్కుండా ఆటోనగర్ బస్సెక్కాడు. ఎజ్రా ఎడమవైపు అంచు కోసి విప్పిపెట్టి ఉన్నాడు. పాత అతుకు అప్పాజీ వంగి చూశాడు. అంట్లు కట్టేవాడి కళ్ళు కదా, అతుకు అనగానే అక్కడికే పోతాయి. "ఇది పట్టలేదు," అన్నాడు. "పైన టేపు చుట్టి వదిలేసినట్టుంది. లోపల బెరడూ బెరడూ కలవలేదు." ఎజ్రా కళ్ళద్దాలు పైకి నెట్టి ఆయన్ని కొత్తగా చూశాడు. "సరిగ్గా అదేనండి. రేకు చివర్లు కలపకుండా పైన పుట్టీ రాసేశాడు." ఆ రోజు నుంచి అప్పాజీ ఆ కారుని పిచ్చి అనడం మానేశాడు. నెల తర్వాత బండి బయటికి తీసేటప్పుడు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది ఆయనే. ప్రార్థన మాత్రం ఎజ్రా చేశాడు. ఐదుగురూ ఎక్కారు. ఎజ్రా రెండు వేళ్ళతో పిడి లాగాడు. తలుపు డుప్పుమని తెరుచుకుంది. హెలెన్ ఈసారి తలుపులోంచే, మహారాణిలా దిగింది.

మొదటి పెళ్ళి ఆలమూరులో. బండి సంగతి సూర్యకళ ముందే చెప్పింది, వాళ్ళు సరేనన్నారు. అయినా సాయంత్రం బండికి పూలు కట్టడం పూర్తయ్యాక ఆమెకి మనసు ఒప్పలేదు. పెళ్ళికూతురు ఎక్కేముందు ఇంకొక్కసారి చూసుకుంటే మంచిదనిపించింది. ఐదుగుర్నీ ఎక్కించింది. తలుపు తీసింది, వేసింది. దిగమంది.

పెళ్ళికూతురి నాయనమ్మ కుర్చీలోంచి ఇదంతా చూస్తోంది. "ఐదుగురు ముత్తైదువుల్ని ముందు ఎక్కించాలా అమ్మా? మంచి ఆనవాయితీ పెట్టారే!"

"ఆనవాయితీ కాదండీ బామ్మగారూ. బరువు పెట్టి తలుపు చూసుకుంటున్నాం. బండికి ఒకసారి దెబ్బ తగిలింది, బాగుచేయించాం."

"ఏదైతేనేం. ఐదుగురూ ముత్తైదువులేనా?"

"నలుగురండీ. ఐదో ఆవిడ మా హెలెన్. భర్త లేడు. తలుపుకి ఆ తేడా తెలీదు."

ముసలావిడ హెలెన్‌ని పైనుంచి కిందదాకా చూసింది. హెలెన్ కూడా ఆవిణ్ణి అలాగే చూసింది. ఇద్దరిలో ముందు నవ్వింది ముసలావిడే. "తెలీకపోతే పోనీలే. ఎక్కమనండి ఇంకోసారి. మావాడు ఫోటో తీయలేదు."

మొదటి పదిళ్ళలో వద్దన్నవి మూడు. సూర్యకళ లెక్క ఒకటి తప్పింది. దానికి ఆమె బాధపడలేదు, పూలల్లోనూ పదికి ఒక బస్తా తప్పుతుంది. కానీ ఆలమూరు ఫోటో ఫోన్లలో తిరిగింది. తర్వాతి పెళ్ళిళ్ళలో ఐదుగురు ఎక్కి దిగేదాకా పెళ్ళికూతుర్ని గుమ్మం దాటనివ్వడం మానేశారు. అడిగిన ప్రతివారికీ సూర్యకళ అది తలుపు పరీక్షేనని చెబుతూనే ఉంది. ధాన్యం సంగతీ చెబుతోంది. వాళ్ళు రెండూ విని, తలూపి, పసుపూ కుంకుమా తెచ్చి ఐదుగురికీ పెడుతున్నారు. హెలెన్ పసుపు తీసుకుంటుంది, కుంకుమ నుదుట పెట్టుకోకుండా పొట్లం కట్టించుకుని పక్కింటావిడకి ఇస్తుంది.

శ్రావణమాసం ముహూర్తాల ముందు ఒకరోజు మండపేట జీపాయన ఫోను చేశాడు. ఆయన సూర్యకళతో మాట్లాడటం అదే మొదటిసారి.

"సూర్యకళగారా అండి? మా పార్టీ వాళ్ళు మీ ఐదుగురూ ఎక్కితేనే జీపు ఎక్కుతామంటున్నారండి. ఒక పూట పంపిస్తారా?"

"మీ జీపుకి తలుపులున్నాయా అండీ?"

"లేవండి, కోయించేశాం కదా."

సూర్యకళ ఒక్క క్షణం ఆలోచించింది. తలుపే లేని బండికి పరీక్ష ఏముంటుంది? కానీ కిందిది ఎవరు అతికారో ఎవరికి తెలుసు. "ముందు ఎజ్రాగారు వచ్చి అయస్కాంతం పెట్టి చూస్తారు. ఆయన కూలి వేరు. ఆయన సరేనంటేనే మావాళ్ళు ఎక్కుతారు. నలుగురికీ తలా మూడు వందలు, భోజనం మీది. హెలెన్‌కి ఐదు వందలు."

"ఆవిడకెందుకండీ ఎక్కువ?"

"ఆవిడ కూర్చుంటేనే అండి, బండి సంగతి బయటపడేది."

 సూర్యకళ ఫోను చెవి దగ్గర పెట్టుకునే, ఎదురుగా ఉన్న బంతిపూల బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చింది. చల్లగా ఉంది.